రెండు సెకన్ల టెస్టు

రాత్రి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఒక్కతే మిగిలింది. పొగలు కక్కే టీ పక్కన పెట్టుకుని ఫోన్లో తమ్ముడితో మాట్లాడుతోంది.

"ప్రోగ్రామ్ నుంచి జవాబు రెండు సెకన్లలో రావాలిరా. వర్చువల్ మెషీన్‌లో, అంటే అసలు కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో పెడితే ఈ టెస్టు ఒకసారి పాసవుతుంది, ఒకసారి ఫెయిలవుతుంది. ప్రాణం తీస్తోంది."

"ఎందుకక్కా?"

"అసలు కంప్యూటర్‌కి వేరే పని తగిలితే దీన్ని కాసేపు ఆపేస్తుంది. ఆగినట్టు దీనికి తెలీదు. మళ్లీ కదిలాక ఏమీ జరగనట్టే పని చేసుకుపోతుంది. అందుకే గడియారం చూడకుండా, జవాబు వచ్చేదాకా ఎదురుచూడమని టెస్టు మార్చేశా."

"హమ్మయ్య, మాట్లాడావా," అన్నాడు తమ్ముడు. "'దీనికి తెలీదు' అని ఆగిపోయావు. అరగంట నుంచి పిలుస్తూనే ఉన్నా."

"ఆట పట్టించకురా," అంటూ ఆమె కప్పు అందుకుంది.

కప్పు చల్లగా తగిలింది. టీ మీద మీగడ కట్టి ఉంది.