ఓడలో రావలసిన బోగీ

ఆ రోజు పొద్దున ఆకాశం మబ్బుపట్టి ఉంది. కురిసేదీ కాదు, తెరిపిచ్చేదీ కాదు.

పంజాగుట్ట సందులో ఒవైస్ దుకాణం తెరిచాడు. ఒకప్పుడు వాళ్ళ నాన్న కమాల్ గడియారాలు బాగుచేసిన దుకాణమే అది. ఇప్పుడు ఒవైస్ అందులో పాత బొమ్మ రైళ్ళు కొని, ముచ్చటపడి దాచుకునేవాళ్ళకు అమ్ముతున్నాడు.

ఈమధ్య బేరం సన్నగిల్లింది. అందుకే అద్దాల బీరువాలోని ఎర్ర ఇంజను అమ్మేయడానికి మనసు రాయి చేసుకున్నాడు. బంజారా హిల్స్‌లో ఉండే వంశీధర్ దాన్ని కొనడానికి మధ్యాహ్నం వస్తానన్నాడు.

ఆ ఇంజను చిన్నప్పుడు అబ్బా తెచ్చిచ్చింది.

"విలాయత్‌ది బేటా. దీని బోగీ ఓడల వస్తున్నది," అనేవాడు అబ్బా.

రంజాను వచ్చినప్పుడల్లా ఒవైస్ ఓడ సంగతి అడిగేవాడు. ఓడ ఎప్పుడూ దారిలోనే ఉండేది. కొన్నాళ్ళకు అడగడం మానేశాడు. ఆ తర్వాత అబ్బా కూడా పోయాడు.

గడప దగ్గర ఎవరో దగ్గారు.

తెల్ల ధోవతి, చంకలో గుడ్డసంచి, బాగా వయసు మళ్ళిన మనిషి.

"కమాల్ సాబ్ దుకాణమేనా ఇది?"

"అబ్బా పోయి మస్తు రోజులాయె పెద్దాయనా. ఏం గావాలె?"

ముసలాయన గడప మీదే కూర్చున్నాడు. తర్వాత ఎడమచేత్తో సంచిలోంచి ఓ చిన్న రేకు బోగీ తీశాడు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

"జర గిది చూడు బిడ్డా. కిమ్మతెంతుంటదో చెప్పు."

ఈ బేరంలో ఏ రైలునైనా ముందు బోర్లించి చూస్తారు. కంపెనీ ముద్ర కడుపులోనే ఉంటుంది. ఒవైస్ బోర్లించాడు. ముద్ర లేదు. పసుపుపచ్చ రేకు మీద నల్లటి అక్షరాలున్నాయి. 'వేరుశ' దగ్గర తెగిపోయాయి.

అతనికి నవ్వొచ్చింది.

"నూనె డబ్బా కోసి చేసిన్రు పెద్దాయనా. అంచులు సుత వంకర. చెయ్యి తిరిగినోడు చేసింది గాదు."

"అవు. చెయ్యి సరిగ తిరగలే," అన్నాడు ముసలాయన.

"పాత రేకు లెక్కన పోతది. అది సుత పావు కిలో తూగదు."

ముసలాయన చూపు బీరువా వైపు మళ్ళింది.

"మరి అది?"

"అదా! విలాయత్ మాల్. ఆ వంపు చూడు, ఆ పొగగొట్టం చూడు. అట్ల చేసే చెయ్యి మన దిక్కు పుట్టలే."

"గంత మంచిగున్నదా?"

"ఏమనుకుంటున్నవ్ మరి!"

ముసలాయన ముఖం పసిపిల్లాడిలా వెలిగింది.

"దీన్ని ఒక్కసారి దాని ఎనుక తగిలిస్తవా? చూసి పోత."

"గీతలు పడ్తయ్ పెద్దాయనా. దానికి గిరాకి వస్తుండు."

"అమ్ముతున్నవా?"

ఒవైస్ తల ఊపాడు.

"అట్లనా... అయితే వద్దులే. గిది మాత్రం ఈడనే ఉండనియ్యి."

"నేనేం జేసుకోను దీన్ని?"

ముసలాయన అప్పటికే సందు మలుపు తిరిగాడు.

మధ్యాహ్నం వంశీధర్ వచ్చాడు. ఇంజను చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. బోర్లించబోయాడు.

"వద్దు సార్," అన్నాడు ఒవైస్, తనకు తెలియకుండానే.

ఊళ్ళోవాళ్ళ రైళ్ళన్నీ బోర్లించినవాడు దీన్ని మాత్రం ఏనాడూ బోర్లించలేదు. అబ్బా మాటను బోర్లించి చూసినట్టుంటుందని.

"చూడకుండా ఎలా కొంటానండీ?" అంటూ వంశీధర్ బోర్లించాడు. పకపకా నవ్వాడు. "ఏంటండీ ఒవైస్ గారూ, మీ విలాయత్‌లో తెలుగు రాస్తారా?"

పసుపుపచ్చ రేకు. నల్లటి అక్షరాలు. 'నగ నూనె'.

వంశీధర్ కొనకుండానే వెళ్ళిపోయాక ఒవైస్ బోగీని తెచ్చి ఇంజను పక్కన బోర్లించాడు. తెగిన మాట అతుక్కుంది. రెండూ ఒకే డబ్బా. తిరగేసి కొక్కెం తగిలిస్తే చిన్న చప్పుడుతో పట్టుకుంది.

దుకాణం అలాగే వదిలేసి పరుగెత్తాడు. మెట్రో స్తంభాల కింద, మైత్రీవనం దాకా. కోచింగు పిల్లల భుజాల మధ్య తెల్ల ధోవతి ఎక్కడా కనబడలేదు. అప్పుడు పడింది వాన.

రాత్రి దుకాణం మూసి ఇంటికి వచ్చేసరికి అమ్మీ రుఖియా అన్నం పెట్టి ఎదురుచూస్తోంది. ఒవైస్ తనతో తెచ్చిన రైలు తీసి, భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ మీద పెట్టాడు.

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని బోగీని తాకింది.

"నర్సయ్య వచ్చిండా?"

"ఎవరమ్మీ?"

"రాజనర్సయ్య. అబ్బా దోస్త్. మన దుకాణం పక్కన డబ్బాలు కోసి దీపాలు చేస్తుండె. నీకు ఇంజను చేసింది ఆయనే. బోగీకి రేకు కోస్తుంటె మిషిన్ల వేళ్ళు పోయినయ్. 'పోరనికి చెప్పకు కమాల్ భాయ్, బోగీ నేనే తెచ్చిస్త' అనుకుంట ఊరికి పోయిండు. నువ్వేమో బోగీ ఏదని అడుగుతుంటివి. అబ్బా ఏం జేస్తడు? ఓడ అన్నడు."

"ఏ ఊరు?"

"జనగామ దిక్కు. ఊరి పేరు అబ్బాకే ఎరుక." ఆమె కళ్ళెత్తింది. "చాయ్ అన్న తాపినవా? ఏమన్నడు?"

"కిమ్మతు అడిగిండు."

"నువ్వేం చెప్పినవ్?"

ఒవైస్ తలవంచుకుని అన్నం కలిపాడు.

రైలును మధ్యలో పెట్టుకుని తల్లీకొడుకులు తిన్నారు. అబ్బా చెప్పిన ఓడ ఆ పొద్దున తెల్ల ధోవతి కట్టుకుని గడప దాకా వచ్చి, పాత రేకు ధర విని వెళ్ళిపోయింది.