యెరికో దారి దొంగ

యెరికో దారిలో తన భర్తను పొడిచి చంపిన దొంగను సిలువ వేస్తున్నారని తెలిసి, తిర్సా ముసలి అత్తగారు హొగ్లాను కూడా వెంట లాక్కొచ్చింది. మూడేళ్ళుగా ఆమె కోరుకున్నది ఇదొక్కటే. వాడి యాతన కళ్ళారా చూడాలి.

"గట్టిగా మూలగరా! మా ఆయనా ఇలాగే మూలిగాడు," అని కేకేసింది.

వాడు పట్టించుకోలేదు. పక్క సిలువ మీది గలిలయ బోధకుడి వైపు తిరిగి, తనను మరిచిపోవద్దని వేడుకున్నాడు. ఈ రోజే తనతో పాటు, చనిపోయిన మంచివాళ్ళుండే పరదైసుకు వస్తావని ఆయన మాటిచ్చాడు.

తిర్సా ఒళ్ళు భగ్గుమంది. "విన్నావా అత్తా? క్షమించడానికి ఈయనెవరు? మొగుడు పోయింది నాకు! నన్నడగక్కర్లేదూ?"

"పరదైసులో మనవాడు ఉన్నాడుగా," అంది హొగ్లా.

తిర్సా కళ్ళు మెరిశాయి. "ఔను! వీడు వెళ్ళి మా ఆయన ముందే నిలబడాలి. అప్పుడు చెప్తాడు వీడి పని!"

"ఏం చెప్తాడే పిచ్చిదానా? నా కొడుకు సంగతి నీకు తెలీదూ? 'బాగా అలిసిపోయావు, కూర్చో అన్నా' అంటాడు."

తిర్సా అక్కడే కూలబడింది. ఆయన అలాగే అంటాడు. ఇన్నాళ్ళూ తాను ఎవరి కోసం పగబట్టిందో, ఆ మనిషికి పగబట్టడమే చేతకాదు.