కుశలప్రశ్న

"లీలావతమ్మ ఇల్లు ఇదే కదమ్మా?"

గడపలో నిలబడిన మనిషికి అరవై దాటి ఉంటాయి. పాత చీరలో చుట్టిన పెట్టెను రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. చెమట గడ్డం మీదుగా ఆ మూట మీదికి కారుతోంది.

లీలావతి మరమగ్గం ఆపలేదు. మోతలో అతని మాట సగమే వినిపించింది.

"ఏం కావాల?"

"దీనికి ఒక ప్లగ్గు. రెండు గంటలు చాలు తల్లీ. మా పక్క కరెంటు లేదు."

"ఏముండాది అందులో?"

అతను చెప్పేలోగా లోపలి నుంచి అత్త రాఘవమ్మ అందుకుంది. "ఎవురో ఏమో. మొన్న చార్జింగని వచ్చినోడు నూలు ఎత్తుకుపోయినాడు. మర్సిపోయినావా?"

లీలావతి మర్చిపోలేదు. పొద్దున అయిదింటి నుంచి నిలబడే ఉంది. కరెంటు పోయేలోగా మగ్గం మీంచి చీర దిగాలి.

"ఈడ మగ్గానికే సాలదు. పక్కింట్లో అడుగు, పెద్దాయనా."

"తాళం ఏసుండాది తల్లీ. బ్యాటరీ ఇంక పది నిమిషాలే."

"ఇంకో వీధి సూసుకో."

అతను మూట సర్దుకుని మెట్లు దిగాడు.

"చీర కట్టి తెచ్చినాడే. పెండ్లికూతురేమో లోపల" అంది రాఘవమ్మ.

లీలావతికి నవ్వే ఓపిక కూడా లేదు. మనసంతా మూడు గంటల మీదే ఉంది.

బెంగళూరు గిరాకీ మూడింటికి ఫొటోలు చూసి చెబుతానంది. గృహప్రవేశానికి అరవై చీరలు. అది కుదిరితే రెండో మగ్గం నిలుస్తుంది. లేకపోతే దాన్ని పాత ఇనుముకు వేసేద్దామని భర్త దామోదరం వారం నుంచి అంటున్నాడు.

ఫొటోలన్నీ 'పడుగుపేక' యాప్‌లో ఉన్నాయి.

అంతకుముందు పెద్ద కంపెనీ యాప్‌లో ఉండేవి. మూడేళ్లు పెంచుకున్న పేజీ, ఒక పొద్దున లేచి చూస్తే లేదు. ఎందుకు తీసేశారని పదిహేడుసార్లు రాసింది. పదిహేడుసార్లూ అదే జవాబు. మనిషి రాసింది కాదు.

అప్పుడు కూతురు మహిత ఇందులో చేర్చింది. ఇది నగరి నేతగాళ్లు తమకు తాముగా పెట్టుకున్నది. కంపెనీ లేదు, ప్రకటనలు లేవు. నూటపన్నెండు ఇళ్ల చీరలు, ఎవరి గిరాకీలు వాళ్లవి. చూసుకునే ఆయన పేరు 'కండె' అని మాత్రం కనిపిస్తుంది. ఏమడిగినా విసుక్కోకుండా చెబుతాడు.

రోజూ పొద్దున కండె అందరినీ ఒకటే అడుగుతాడు. "ఈ దినం ఏ వీధిలో కరెంటు ఉండాది?"

మగ్గాల ఊళ్లో అది కుశలప్రశ్న. తిన్నారా అని అడిగినట్టే. జవాబులూ అలాగే ఉంటాయి. "మా వీధిలో కరెంటుండాది, నీళ్లు లేవు" అని ఒకరు. "ఉండాదబ్బా, మా అత్త నోటికి ఇరవై నాలుగ్గంటలూ" అని ఇంకొకరు.

ఆ పొద్దున లీలావతీ రాసింది. "మా పిళ్లారిగుడి వీధిలో ఉండాది. రాండి, కాఫీ తాగిపోదురు."

మూడింటికి పడుగుపేక తెరుచుకోలేదు.

నాలుగింటికీ లేదు. అయిదింటికి బెంగళూరావిడే ఫోన్ చేసింది. "మీ పేజీ రావడం లేదండీ. వేరేచోట చెప్పేశాం."

మర్నాడూ తెరుచుకోలేదు. మూడోనాడు పాత ఇనుము బండి వచ్చింది. రెండో మగ్గం ఉన్నచోట నేల మీద నాలుగు నూనె మరకలు మిగిలాయి.

"ఈడ కూడా అంతే. వీళ్లూ అంతే" అంది లీలావతి.

నాలుగోనాడు చెప్పులేసుకుని బయల్దేరింది. కండె ఆఫీసు ఎక్కడని నూలు కొట్టు చెంగయ్యను అడిగితే, ఏకాంబరకుప్పంలో ఒక రేకుల ఇల్లు చెప్పాడు.

వసారాలో ఒకామె రాట్నం మీద కండెలు చుడుతోంది. పేరు పెంచలమ్మట.

"కండె ఆఫీసు ఇదేనా?"

"ఆఫీసా? అదో, ఆ బల్ల."

బల్ల ఖాళీగా ఉంది.

"మా పేజీ ఎందుకు ఆగిందో అడగాల. మగ్గం అమ్ముకున్నాం మేము."

"అందురివీ ఒక్క కంప్యూటర్ పెట్టెలోనే ఉండేవమ్మా. అది ఆగితే అన్నీ ఆగిపోతాయి. ఈడ కరెంటు పోతే బ్యాటరీ అర్ధగంట. ఆలోగా కరెంటుండే వీధికి మోసుకుపోయి, ఎవురింట్లోనో తగిలించుకోని కూర్చునేవాడు మా ఆయన. నాలుగేండ్లుగా ఇదే పని."

లీలావతి ఖాళీ బల్ల వైపు తిరిగి చూసింది.

"మూడు దినాల కిందట తిరిగి తిరిగి రైలుగేటు కాడ పడిపోయినాడు. చెయ్యి విరిగింది. పెట్టె పగిలింది. ఇంక మోయలేనంటాడు."

"ఎవురే వచ్చింది?" లోపలి నుంచి గొంతు.

"ఎవురో పడుగుపేకామె. నువ్వు పడుకో."

పెంచలమ్మ తెగిన పోగు ముడివేసి మళ్లీ రాట్నం తిప్పింది.

"ఎండలో వద్దంటే ఇనలేదమ్మా. 'ఈ దినం ఎవురినీ బతిమాలే పని లేదే, లీలావతమ్మే ఇంటికి రమ్మని రాసింది' అని నా చీరలో చుట్టుకోని సంతోషంగా పోయినాడు."