ఊదా తలుపు

"తలుపు ముట్టుకోకమ్మా, తడి."

అప్పటికే టీచరమ్మ తలుపుకి చెయ్యి ఆనించేసింది. నాలుగు వేళ్ళకీ ఊదా రంగు అంటుకుంది.

కార్డు మీద బొమ్మలో ఉన్న తలుపు కళ్ళముందు కనబడితే ఎవరాగుతారు?

నిచ్చెన పక్కన కూర్చున్న ముసలాయన పాత గుడ్డ అందించాడు.

"పొద్దున్నే వేశా. ఎవరి కోసం వచ్చావు?"

"మా నాన్న కోసం. బొమ్మలేస్తాడు. ఎడమ చేతి వాటం."

ముసలాయన చేతిలో కుంచె ఆగింది.

ఆమె లెక్కల టీచరు. ఎనిమిదో ఏట నాన్న ఇల్లొదిలి పోయాడు. అప్పట్నుంచీ ప్రతి పుట్టినరోజుకీ ఈ దీవి నుంచి ఒక కార్డు. ముందు చేత్తో వేసిన ఏదో ఒక తలుపు బొమ్మ. వెనక ఆమె చిరునామా, కింద ఒకటే మాట. "చెప్పులు వేసుకుని తిరుగు తల్లీ."

తనెక్కడుంటాడో మాత్రం రాయడు. పోస్టు ముద్ర మీద దీవి పేరే ఆధారం.

అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ పేరెత్తనివ్వలేదు. టీచరమ్మకి పెళ్ళయింది, రెండుసార్లు బదిలీ వచ్చింది. ఇల్లు మాత్రం మారలేదు. మారితే కార్డు తప్పిపోతుందని.

ముప్పై ఏడేళ్ళు. ముప్పై ఏడు కార్డులు.

"ఆయన తెలుసు," అన్నాడు ముసలాయన. "చూపిస్తా. ఎండ దిగనీ, మెట్లెక్కాలి. ఈలోగా ఊరు చూద్దువుగాని."

సందు సందుకీ గోడల మీద చేపలూ పక్షులూ. గుమ్మాల్లో మట్టి బొమ్మలు ఆరబెట్టుకునేవాళ్ళు. ఆమె ఒక్కో కార్డూ తీసి అడుగుతోంది. ముసలాయన ఒక్కో తలుపూ చూపిస్తున్నాడు.

"ఈ పసుపుది పూసలావిడ ఇల్లు. ఇప్పుడు పచ్చ వేశా. ఉప్పుగాలికి ఏ రంగూ ఏడాది నిలవదు."

"మా నాన్న ఇక్కడికొస్తాడా?"

"ఈ అరుగు మీదే కూర్చునేవాడు. కాఫీ ఇస్తే తాగడం మరిచి కుంచె ముంచేవాడు."

ఆమె చాలా రోజులకి నవ్వింది. అరుగు మీద కాసేపు కూర్చుంది. అరచేత్తో ఆ రాయిని నిమిరింది.

మధ్యాహ్నం దాటింది. ఆమెకి ఓపిక తగ్గింది.

"పెద్దాయనా, మీరు ఊరికే కాలక్షేపం చేయిస్తున్నారు."

"ఈ ఊళ్ళో అందరూ చేసేదదే. కొందరు దానికి కళ అని పేరు పెట్టుకున్నారు."

ఒక కొట్టు మీద బోర్డు ముచ్చటగా ఉంది.

"ఈ అక్షరాలు మీవేనా?"

"చెయ్యి నాదే. ఏం రాసుందో నన్నడక్కు. చదువు రాదు. ఎవరైనా రాసిస్తే బొమ్మలా చూసి దించేస్తా."

కాస్త దూరం నడిచాక తనే అన్నాడు.

"ఆ ఊదా తలుపే నా ఆఖరి పని. ఆర్నెల్లు కలిపితే కుదిరిన రంగు. దీవిలో ఇంతకుముందు ఏ తలుపుకీ లేదు. రేపు పొద్దున పడవకి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా. కళ్ళు ఆనట్లేదు."

ఎక్కడికని ఆమె అడగలేదు. ధ్యాసంతా నాన్న మీదే.

మెట్ల పైన సమాధులు. ముసలాయన ఒక రాయి ముందు ఆగాడు.

రాయి మీద నాన్న పేరు. కింద తేదీ. ఇరవై ఏళ్ళ కిందటిది.

ఆమె రెండుసార్లు చదివింది.

"ఈయన మా నాన్న కాదు."

"ఆయనేనమ్మా. ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. దగ్గు పట్టుకుంది. నెల తిరక్కుండానే పోయాడు. పోయేదాకా ఒకటే బెంగ, పుట్టినరోజున పిల్ల గుమ్మంలో నిలబడి పోస్టు కోసం చూస్తుందని."

"మూడు నెలల కిందట కార్డొచ్చింది. పోయినవాళ్ళు కార్డులు పంపుతారా?"

ముసలాయన సముద్రం వైపు చూశాడు.

"కార్డుల సంగతి నన్నడక్కమ్మా."

"పొద్దుట్నుంచీ తిప్పి తిప్పి ఎవరి రాయో చూపిస్తారా? పేరు చదవడం కూడా రాదుగా మీకు."

"అదీ నిజమే," అన్నాడాయన.

ఆమె గబగబా మెట్లు దిగింది. వెనక్కి చూడలేదు.

పడవ కదిలాక గుండె దిటవుకి ఆఖరి కార్డు తీసింది. నాన్న బతికే ఉన్నాడనడానికి అదే సాక్ష్యం.

ఊదా తలుపు. దాన్ని పట్టుకున్న వేళ్ళ గోళ్ళ సందుల్లో అదే ఊదా.

తలుపుకి ఆ రంగు పడింది ఇవాళ పొద్దున. కార్డు వచ్చి మూడు నెలలు.

జీవితమంతా తీసివేతలు నేర్పిన మనిషి, ఈ ఒక్క లెక్క పొద్దున చెయ్యలేకపోయింది.

కార్డులన్నీ ఒళ్ళో పరిచి తిరగేసింది. మొదటి పదిహేడింటి మీదా తొందర రాత. ఒకచోట కొమ్ము మరిచాడు, ఒకచోట కాఫీ మరక.

తలెత్తి చూస్తే దీవి ఒక గీతంత మిగిలింది.

తర్వాతి ఇరవై కార్డుల మీదా ఆ మాట అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంది, చదువు రానివాళ్ళెవరో బొమ్మలా చూసి దించినట్టు.