మట్టి క్లాసు

“మళ్లీ చెప్పండి,” అంది యెసేనియా, కౌంటర్ మీదికి వంగి.

“మట్టి క్లాసులో పందొమ్మిది మందే చేరారమ్మా. ఇరవై లేకపోతే రద్దు. శుక్రవారం దాకా చూస్తారు,” అంది గ్రాసియేలా. ఎంతమంది డీన్లు మారినా ఆ కాలేజీ కౌంటర్లో ఆమె మాత్రం మారలేదు.

యెసేనియాకి ఒళ్లు మండింది.

తెల్లారకముందే నారింజల షెడ్డులో పెట్టెలు నింపి, పగలు ఈ ఫ్రెస్నో కమ్యూనిటీ కాలేజీలో చదువుతోంది. నానా తంటాలు పడితే, మూడో ఏడాదిలో నేరుగా చేర్చుకుంటామని యూనివర్సిటీ మాటిచ్చింది. ఒక్కటే షరతు. వేసవిలోగా ఈ నేలల శాస్త్రం పాసవ్వాలి. లేకపోతే సీటు పోయినట్టే.

“రద్దయితే మళ్లీ ఎప్పుడు పెడతారు?”

“వచ్చే ఏడాది.”

“అప్పటిదాకా నా సీటు కూర్చుని ఉంటుందా? ఒక్క మనిషి తక్కువైతే నా చదువు ఆపేస్తారా? పిలవండి డీన్‌ని!”

“అరవకే తల్లీ. రూలు నేను పెట్టానా?”

ఆమె వెనకే వరుసలో నిలబడి ఎండుద్రాక్ష నములుతున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

“అమ్మాయ్, అయిందా? బండి అడ్డంగా పెట్టొచ్చాను.”

“ఇక్కడ నా కొంప మునుగుతుంటే మీకు బండి గొడవా!”

ఆయన జేబులోంచి గుప్పెడు ఎండుద్రాక్ష తీసి చెయ్యి చాపాడు. “తింటావా?”

యెసేనియా విసవిసా వెళ్లిపోయింది.

సోమవారం మట్టి క్లాసు మొదలైంది. తాను వేసిన కేకలకే డీన్ దిగొచ్చాడనుకుని యెసేనియా దర్జాగా లోపలికి అడుగుపెట్టింది.

ముందు వరుసలో ఆ ముసలాయనే!

పేరు సెట్రాక్ బొయాజియాన్. ఇలాంటివాళ్లను యెసేనియా చాలామందిని చూసింది. రిటైరయ్యాక ఇంట్లో తోచదు, వచ్చి కుర్రాళ్ల ప్రాణాలు తోడేస్తారు.

ఈయన ఇంకా ఘనుడు.

“సార్, బంకమన్ను అంత జిగురెందుకు?”

“నిన్నే చెప్పాను కదండీ,” అనేవాడు థావ్ సార్ ఓపిగ్గా.

“ముసలి చెవులు సార్. ఇంకోసారి చెప్పండి.”

ఇంకోసారి చెప్పేసరికి గంట దాటేది. యెసేనియా బస్సు వెళ్లిపోయేది.

అదీ చాలదన్నట్టు, లాబ్‌లో ఆమెకి జంటగా ఆయనే పడ్డాడు.

తడిమట్టిని బొటనవేలితో నొక్కి పట్టీలా సాగదీయాలి. ఎక్కడ తెగుతుందో చూడాలి. ఆయన దాన్ని రొట్టెపిండిలా పిసికి, చిన్న గాడిదను చేసి ఆమె ముందు పెట్టాడు.

“బాగుందా?”

“మార్కులు గాడిద వేస్తుందా?” అంది యెసేనియా పళ్లు కొరుకుతూ.

ఒకరోజు గాజుసీసాలో మట్టి, నీళ్లు కలిపి పెట్టింది. కదపకుండా ఉంచితే ఇసుక, ఒండ్రు, బంక వేరువేరు పొరలుగా తేరుకుంటాయి. రెండు రోజులాగి కొలవాలి.

కొలుద్దామని వచ్చేసరికి ఆయన సీసాను బలంగా ఊపుతున్నాడు.

“అడుగున పేరుకుపోయిందమ్మా. కలిపేశాను,” అన్నాడు సంబరంగా.

ఇక యెసేనియా ఆగలేకపోయింది.

“అసలెందుకొచ్చారండీ మీరిక్కడికి? మాకు బతుకు తేలాలి, మీకు పొద్దు పోవాలి! మీరు లేకపోతే ఆ కుర్చీ అవసరమున్నవాళ్లకి దక్కేది!”

ఆయన ముఖం చిన్నబోయింది.

“నిజమేనమ్మా,” అన్నాడు.

జంట మార్చమని ఆమె థావ్ సార్‌ని అడిగింది.

“అందరికీ జంటలైపోయారు. ఆయన మానేస్తే నువ్వొక్కదానివే మిగులుతావు.”

మర్నాడు ఆయన కొత్త సీసా తెచ్చాడు. ఆమె మట్టి కలిపి పెట్టాక, చేతులు వెనక్కి కట్టుకుని దాని పక్కనే నిలబడ్డాడు. ఎవరు దగ్గరికొచ్చినా, “కదపకండి, కదపకండి,” అంటూనే ఉన్నాడు. యెసేనియాకి అదీ విసుగే.

ఏప్రిల్ చివర్లో ఆయన రావడం మానేశాడు.

పీడ వదిలిందనుకుంది యెసేనియా. ఆమెకి ఆ రోజు బస్సు కూడా దొరికింది.

జూన్‌లో పాసైంది. మార్కులు యూనివర్సిటీకి పంపమని చెప్పడానికి మళ్లీ అదే కౌంటర్‌కి వచ్చింది.

“మట్టి క్లాసు గట్టెక్కావన్నమాట!” అంది గ్రాసియేలా నవ్వుతూ.

“మీ డీన్ పుణ్యం. ఆ ముసలాయన మాత్రం నా ప్రాణం తీశాడనుకోండి.”

గ్రాసియేలా నవ్వు ఆగిపోయింది.

“సెట్రాక్ పోయాడమ్మా. పోయిన నెల్లో. గుండె జబ్బు.”

యెసేనియా గతుక్కుమంది. “అయ్యో... పాపం, పరీక్ష కూడా రాయలేకపోయాడు.”

“ఆయన ఏ పరీక్షా రాసేవాడు కాదు. ఏటా జనవరిలో వచ్చి, ‘ఈసారి ఏ క్లాసుకి ఒకడు తక్కువయ్యాడు?’ అని అడిగేవాడు. అందులో చేరేవాడు.”

“ఎందుకు?”

“కుర్రతనంలో ఆయనా యూనివర్సిటీకి వెళ్లాల్సినవాడే. ఆయనకి మిగిలిన ఆఖరి క్లాసుని, ఒక్కడు తక్కువని ఎత్తేశారు. ఏడాదే కదా అని ఎండుద్రాక్ష లారీ ఎక్కాడు. ముసలాడయ్యాకే దిగాడు.”

“మరి డీన్...” అంది యెసేనియా, ఎంతో చిన్నగా.

“డీన్‌కి నీ ఊసే తెలియదు. ఆ రోజు నువ్వు అరిచి వెళ్లిపోయాక, నీ వెనకున్న మనిషి ముందుకొచ్చి, ‘ఆ ఇరవయ్యో కుర్చీ నాకు రాసెయ్ గ్రాసియేలా, ఆ పిల్లకి అవసరం’ అన్నాడు.”