లవంగం వాసన సబ్బు

కొవ్వుతో చేసిన గడ్డం సబ్బులు రెండు బల్లమీద పెట్టాడు కొట్టాయన. ఒకటి లవంగం వాసన గుప్పుమనేది, రెండోది ఏ వాసనా లేనిది.

నేను నోరు తెరవకముందే రెండోదాన్ని పొట్లం కట్టబోయాడు. "తొమ్మిదేళ్లుగా మీవారికి ఇదే కదమ్మా పట్టుకెళ్తున్నారు."

"ఈసారి లవంగంది ఇవ్వండి."

"ఆలోచించుకోండి. గీసుకున్నాక సాయంత్రం దాకా వదలదు. ఆఫీసులో పక్కసీటు దాకా కొడుతుంది. తర్వాత మీవారు నన్ను తిట్టుకుంటారు."

"ఆయన గడ్డం గీసుకోవడం మానేసి ఆరేళ్లయింది."

కట్టబోతున్న దారం ఆయన చేతిలోనే ఆగింది. "మరి ఈ సబ్బు?"

"నాకే," అన్నాను, పొద్దున గీసుకున్న దవడని వెలుతురులోకి తిప్పి. "ఎవరి ముక్కుకీ తెలియకూడదనే ఇన్నాళ్లూ వాసన లేనిది కొన్నాను. పొట్లం అక్కర్లేదు, అలా చేతికివ్వండి."