మాణిక్యమ్మ నోరు

ఉడత మాణిక్యమ్మ నోరు పెద్దదని మామిడితోపంతా విసుక్కునేది. ఒకరోజు పొద వెనకనుంచి ఆమె కొడుకు గొంతు వినిపించింది.

"అమ్మా, ఉచ్చులో పడ్డాను! మనం దాచిన వేరుశనగలన్నీ ఇస్తే వదిలేస్తారట. ఎక్కడున్నాయో తొందరగా చెప్పు. ఎవరికీ తెలియనివ్వకు!"

మాణిక్యమ్మ వెంటనే తోపంతా దద్దరిల్లేలా అరిచింది. "నా బిడ్డ ఉచ్చులో పడ్డాడు, రండర్రా!"

ఉడతలన్నీ పరుగెత్తుకొచ్చాయి. అందరికంటే ముందొచ్చినవాడు ఆ కొడుకే! అది చూసి, అందరి గొంతులూ అనుకరించే చిలుకొకటి పొదలోంచి తుర్రుమంది.

"నా గొంతు కాదని భలే పట్టేశావమ్మా!" అన్నాడు కొడుకు మురిసిపోతూ.

"పట్టడమా నా మొహమా! నిజంగా నువ్వేననుకున్నాను. బిడ్డ ఆపదలో ఉంటే ఏ తల్లయినా నోరు మూసుకుని కూర్చుంటుందట్రా?"